జీబ్రా కుడి పక్క

ఆఫీసు లెక్క ప్రకారం నైసులా కాపలా తిరిగే కొండవాలులో జీబ్రాలు లేవు. తక్కువగా ఉండడం కాదు, అసలు లేవు.

ఆ సంగతి చెప్పడానికి సోమవారం పొద్దున్నే లెతివా మోటారు సైకిలు మీద వచ్చాడు. లెతివా జీబ్రాల ఆఫీసులో ఈ ప్రాంతానికి సూపర్‌వైజరు. అందులో చిక్కేమీ లేదు. కిందటేడు వానల్లో అతను నైసులా కూతురు రేసన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. చిక్కంతా అక్కడుంది.

సంబురు తెగవాళ్ళలో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, నేరుగా మాట్లాడుకోకూడదు. దారిలో ఎదురుపడితే ఎవరో ఒకరు పక్కనున్న పొదలోకి తప్పుకోవాలి. మర్యాద మరీ ఎక్కువైనప్పుడు ఇద్దరూ తప్పుకుంటారు, ఒక్కోసారి ఒకే పొదలోకి. అందుకని లెతివా తుమ్మచెట్టుకి అవతల వాగు వైపు తిరిగి కూర్చున్నాడు. నైసులా ఇవతల కొండ వైపు తిరిగి కూర్చుంది. చెట్టు మొదట్లో, ఇద్దరికీ మధ్యన, సిలాపన్ కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. సిలాపన్‌కి అరవై దాటాయి. నైసులాతో కలిసి కాపలా తిరిగే రెండో మనిషి ఆమే. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయడం ఇవాళ ఆమె పని. ఆ పనంటే ఆమెకు తేనె తాగినట్టు ఉంటుంది.

"లెక్క వచ్చిందని చెప్పు పిన్నీ," అన్నాడు లెతివా వాగుతో.

"లెక్క వచ్చిందట," అంది సిలాపన్ ఇటు తిరిగి.

"నాకేం చెవుడు లేదక్కా. ఎంతట?"

"ఎంతని అడుగుతున్నారు మీ అత్తగారు. చెవుడు లేదట."

"సున్నా."

సిలాపన్ ఇటు తిరగడానికి కాస్త సమయం తీసుకుంది. "గుండ్రంగా ఏదో అంటున్నాడమ్మా."

నైసులా ఒడిలోని కెమెరాని రెండు చేతులతో పట్టుకుంది. "నిన్న పొద్దున నా కళ్ళ ముందు ముప్ఫై ఒకటి వరసగా నడిచి వెళ్ళాయి. చెవితెగిందీ, పొడుగుమెడా, కుంటిదీ, పిల్లల తల్లులు అయిదుగురూ, వెనకాల చీఫూ. పదకొండు నెలల్లో ఆరు వందల నలభై ఫొటోలు తీశాను. వాటిలో ఏమున్నాయట, మేకలా?"

"మేకలా అని అడుగుతున్నారు."

"జీబ్రాలే పిన్నీ. కంప్యూటరు ఒప్పుకోలేదు."

"ఎందుకు ఒప్పుకోదట?"

లెతివా గడ్డిపోచ తెంపాడు. దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "ఒప్పుకోలేదు. అంతే."

తర్వాతి మాటలు అతను గబగబా చెప్పేశాడు, చేదు మందు మింగినట్టు. జీబ్రాలు లేని చోట కాపలా దండగని పైవాళ్ళ నిర్ణయం. గురువారం సాయంత్రం తనే వచ్చి కెమెరా, ఖాకీ చొక్కా, బూట్లు తీసుకెళ్తాడు. ఇక నుంచి ఈ కొండవాలుకి కాపలా ఉండదు. చెప్పడం అయిపోగానే లేచి, చెట్టు వైపు చూడకుండా పక్కవాటుగా, ఎండ్రకాయలా నడుచుకుంటూ బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నైసులా తన బూట్ల వైపు చూసుకుంది. ఎడమదాని మడమ అరిగింది. ఈ బూట్లు కాళ్ళకి ఎక్కక ముందు ఊళ్ళో ఆమె రేసన్ వాళ్ళమ్మ. ఇప్పుడు నైసులా. మంద తోలుకుపోయే మగవాళ్ళు ఆగి, "నైసులా, మీ జీబ్రాలు ఏ వైపు పోయాయి? అటు గడ్డి లేచిందా?" అని అడుగుతారు. నలభై ఆరేళ్ళ ఆడమనిషి కొండకేసి వేలు చూపిస్తే పెద్దమనుషులు అటు తిరిగి చూస్తారు. గురువారం సాయంత్రం దాటితే చూడరు.

"మంచి కుర్రాడే," అంది సిలాపన్. "కానీ ఏదో దాచాడు. వీపు చూస్తే తెలుస్తుంది. ఇన్నాళ్ళుగా వాడి వీపే కదా చూస్తున్నాం."

మంగళవారం తెల్లవారుతూనే ఇద్దరూ మైదానంలోని తమ చోటికి వెళ్ళి కూర్చున్నారు. వాగులోని చెలమల దగ్గర చీకట్లో నీళ్ళు తాగిన జీబ్రాలు ఆ వేళకి కొండ మీదికి మేతకు వెళ్తాయి. ఒకటే బాట. కుడి చేతి వైపు ముళ్ళ పొదలతో కొండ, ఎడమ చేతి వైపు మైదానం. సంబురు భాషలో ఈ పెద్ద జీబ్రాల పేరుకి తెల్ల పిర్రలవి అని అర్థం. మామూలు జీబ్రాల కంటే ఎత్తు, సన్నటి చారలు, గరిటెల్లాంటి గుండ్రటి చెవులు. ముందు చెవితెగింది వచ్చింది. ఆడవాటికి అదేమీ నాయకురాలు కాదు, దానికి ఆకలెక్కువ, అంతే. వెనక మిగతావి. పిల్లల ఒంటి మీద చారలు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ దాటుతుంటే సిలాపన్ ఒక సంచీలోంచి ఇంకో సంచీలోకి గులకరాయి వేస్తోంది.

అందరికంటే వెనక చీఫ్. ఆ మగ జీబ్రాకి ఆ పేరు పెట్టింది నైసులాయే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తన ఇలాకా అంతా తిరగడం, హద్దుల్లో పోసిన పేడకుప్పల దగ్గర ఆగి వాసన చూడడం, ఆ కుప్ప మీద మరికాస్త వేసి, మెడెత్తి నిలబడి గాడిదలా ఓండ్రపెట్టడం. ఇంతకు మించి దానికి పని లేదు. ఆడవి వస్తాయి, పోతాయి, వాటికి హద్దులతో పట్టింపు లేదు. ఇది మాత్రం పేడ కాపలా కాస్తూ ఉంటుంది.

"ముప్ఫై ఒకటి," అంది సిలాపన్ రెండో సంచీ బరువు చూస్తూ. "కంప్యూటరుని తీసుకొచ్చి ఈ రాళ్ళు లెక్కపెట్టమను."

నైసులా లేచి పుట్ట ఎక్కింది. ఆ చుట్టుపక్కల ఫోను పలికేది చెదల పుట్ట కొస మీదే. కూతురు రేసన్ మూడో రింగుకి ఎత్తింది.

"మీ ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడు. నీ పేరు కనిపించగానే గోడవైపు తిరిగాడు."

ఫోనులో ముఖం కనపడదు కాబట్టి అత్తతో మాట్లాడవచ్చా అన్న విషయం మీద పెద్దలు రెండు రోజులు కూర్చుని కూడా తేల్చలేదు. తేలేదాకా గోడవైపు తిరగడమే మంచిదని లెతివా నమ్మకం.

"అతను బయటికి వెళ్ళాక ఆఫీసు కాగితాలు చూసి చెప్పు. నా పేరు పక్కన ఏం రాసుందో."

పావుగంట తర్వాత ఫోను మోగింది. నైసులా ఇంకా పుట్ట దిగలేదు.

"అమ్మా, పెద్ద పట్టీ ఉంది. నీ పేరు కింద అన్నీ ఒకే మాట. ఎడమ, పనికిరాదు. ఎడమ, పనికిరాదు. పేజీలకి పేజీలు. కింద ఇంకో ముక్క రాశారు. జీబ్రాని గుర్తుపట్టడానికి కుడి పక్క చారలు మాత్రమే సరిచూస్తారట. రెండు పక్కలా చారలు ఒకలా ఉండవు కదా, అందుకని ఎక్కడైనా కుడి పక్కే తీయాలని పెట్టుకున్నారట. కుడి పక్క లేకపోతే ఆ జీబ్రా లేనట్టే."

నైసులా నెమ్మదిగా పుట్ట దిగింది. సిలాపన్‌కి చెప్పింది. సిలాపన్ చాలాసేపు గులకరాళ్ళ వైపు చూసింది.

"నేర్పిన రోజు లెతివా ఎడమ పక్కే తీయమన్నాడు," అంది చివరికి. "నేనే కదా నీకు చెప్పాను. ఇదిగో ఇలా." కూర్చున్నచోటే తన ఎడమ తొడ మీద చరిచింది. "ఈ పక్కే తీయాలి, ఇంకో పక్క వద్దు, అన్నాడు. నా కళ్ళతో చూశాను."

"ఆ రోజు నువ్వెక్కడ కూర్చున్నావక్కా?"

"వాడి ఎదురుగా. నువ్వు నా వెనకాల, వాడికి వీపు పెట్టి ఉన్నావు. మిగతా ఊళ్ళ ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి నేర్పాడు. నీ దగ్గరికి వచ్చేసరికి వీలుకాలేదు కదా, నాకు చూపించి నీకు చెప్పమన్నాడు."

"లేచి నిలబడు. నేను లెతివాని. నువ్వు నువ్వే. ఇదిగో, ఈ పక్క." నైసులా తన కుడి తొడ చరిచింది. "ఇప్పుడు నువ్వు చరుచుకో."

ఎదురుగా ఉన్న సిలాపన్ నమ్మకంగా తన ఎడమ తొడ చరిచింది. నీళ్ళలో నీడలా సరిగ్గా సరిపోయింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆమె ఒకసారి నైసులా చేతిని, ఒకసారి తన చేతిని చూసుకుంది.

"వాడు కుడి అని నోటితో చెప్పి ఏడవచ్చు కదా," అంది.

"నువ్వు చెప్పనిస్తే కదా. అర్థమైంది, అర్థమైంది అని అరిచింది ఎవరు?"

"అర్థమైంది కాబట్టే అన్నాను." సిలాపన్ మళ్ళీ కూలబడింది. "అయినా జీబ్రాకి కుడేమిటి, ఎడమేమిటి. ఆవుని కొనేటప్పుడు చుట్టూ తిరిగి చూస్తాం. ఒక పక్కే చూసి కొనేవాడిని ఎక్కడైనా చూశావా?"

బుధవారం అంతా జీబ్రాలను ఇటు తిప్పడానికే సరిపోయింది.

మొదట సిలాపన్‌ని ముళ్ళపొదల వైపు పంపారు. ఆమె అట్నుంచి చప్పుడు చేస్తే జీబ్రాలు వెనక్కి తిరిగి దిగుతాయని, అప్పుడు కుడి పక్క కనిపిస్తుందని నైసులా ఆలోచన. సిలాపన్ పొదలో దూరి, గాడిదలా ఓండ్రపెట్టింది. జీబ్రాలు ఆగాయి. ముప్ఫై జతల గుండ్రటి చెవులు పొదవైపు తిరిగాయి. తర్వాత అన్నీ ఒక్కసారిగా కొండెక్కేశాయి. కిందినుంచి చూస్తే పేరుకు తగ్గట్టు తెల్ల పిర్రలు తప్ప ఏమీ కనపడలేదు. కొండ మీద పొదల్లోకి చేరాక చెవుల కొసలే కనిపిస్తాయి. సిలాపన్ బయటపడడానికి ఒక గంట, ఆమె ఒంట్లో ముళ్ళు తీయడానికి ఇంకో గంట పట్టింది.

ఇక చీఫ్. ఎలాగూ పేడకుప్ప వదలదు కనుక చుట్టూ తిరిగి కుడి పక్కకి వెళ్తే సరిపోతుంది. నైసులా కెమెరా పట్టుకుని కుడివైపుగా నడిచింది. చీఫ్ ముఖం ఆమె వైపే ఉంచి తనూ తిరిగింది. ఆమె ఇంకొంచెం నడిచింది. అదీ ఇంకొంచెం తిరిగింది. మధ్యాహ్నం దాకా ఆమె గానుగెద్దులా దాని చుట్టూ తిరుగుతూనే ఉంది, అది గానుగ రోకలిలా మధ్యలో తిరుగుతూనే ఉంది. కెమెరాలో చీఫ్ ముఖాలు ఇరవై రెండు చేరాయి. ప్రతి ముఖంలోనూ ఒకే అనుమానం.

సాయంత్రానికి కుడి పక్క ఫొటోలు మూడు వచ్చాయి. ఒకటి ఊరి గాడిదది. ఒకటి మసకగా, తోక మాత్రమే. మూడోది, బాట దాటుతున్న సిలాపన్‌ది.

"ఇది బావుంది," అంది సిలాపన్ కెమెరాలో తొంగిచూసి. "ఇది పంపు. ఒకటన్నా ఉందనుకుంటారు."

నైసులా బాటవైపు చూస్తోంది. పొద్దున ఎక్కేటప్పుడు మైదానం వైపు ఎడమ పక్క కనిపిస్తుంది. అదే బాటలో దిగేటప్పుడు కుడి పక్క కనిపిస్తుంది. అవి రోజూ దిగుతాయి. దిగేది మాత్రం పూర్తిగా చీకటి పడ్డాక. ఆ కెమెరాకి చీకట్లో ఏమీ పడదు.

"అక్కా, అవి వెలుతురుండగా ఎందుకు దిగవు?"

"చెలమల దగ్గర మనుషులుంటారు కాబట్టి. నీకు తెలియనిదా?"

"ఆవులు నీళ్ళు తాగడం ఎప్పటికి అయిపోతుంది?"

"నీడ మనిషంత పొడుగయ్యేసరికి."

"మరి మగవాళ్ళు పొద్దుగూకేదాకా అక్కడేం చేస్తుంటారు?"

సిలాపన్ నవ్వింది. "స్నానాలు. వామనగుంటలు. అబద్ధాలు."

"చెలమలు తోడేది ఏ వంశం వాళ్ళు?"

"లెతివా వాళ్ళే కదా. అందరూ వాడి ఈడు వాళ్ళు, అన్నదమ్ముల వరస. వాడికి నువ్వెంతో వాళ్ళందరికీ..." సిలాపన్ మాట మధ్యలోనే ఆగింది. ముడతల మధ్య ఆమె కళ్ళు నెమ్మదిగా పెద్దవయ్యాయి. "అమ్మ నీ," అంది మెచ్చుకోలుగా.

గురువారం ఎండ కాస్త వాలాక నైసులా ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి సంచీలో పెట్టింది. మెడ నిండా పూసల పట్టెడలు సర్దుకుంది. పెళ్ళి నాటి ఎర్ర బట్ట కప్పుకుంది. చేతిలో నీళ్ళ బుర్ర పట్టుకుని వాగు వైపు నడిచింది. ఇరవై అడుగులు ముందు సిలాపన్.

వాగులో మందలు నీళ్ళు తాగి వెళ్ళిపోయాయి. ఇసుకలో నాలుగు నిలువుల లోతు తవ్విన చెలమల చుట్టూ పద్నాలుగు మంది మగవాళ్ళు. పొద్దుటినుంచి ఒకరి చేతికొకరు బొక్కెనలు అందించుకుంటూ, ఆవుల పేర్లు పాడుతూ పక్కనున్న తొట్లలోకి నీళ్ళు తోడినవాళ్ళు. ఇప్పుడు తీరిగ్గా ఉన్నారు. కొందరు ఒళ్ళు రుద్దుకుంటున్నారు. ఇద్దరు ఇసుకలో గుంటలు చేసి గింజలాట ఆడుతుంటే మిగతావాళ్ళు తలా ఒక సలహా ఇస్తున్నారు.

"బాబూ," అంది సిలాపన్ గట్టు మీద నిలబడి, ఎండ గురించి చెబుతున్నంత మామూలుగా. "లెతివా వాళ్ళ అత్తగారు వస్తున్నారు. నీళ్ళకి."

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ మరుక్షణం వాగులో మనిషి లేడు. తలకి సబ్బు పెట్టుకున్నవాడు సబ్బుతోనే పరిగెత్తాడు. ఒకడు ఇంకొకడి బట్ట కప్పుకుని పోయాడు. గెలవబోతున్న ఆటగాడు గింజలు గుప్పిట్లో పట్టుకుని పారిపోతుంటే, ఓడిపోబోయేవాడు మాత్రం గుంటలన్నీ కాలితో చెరిపేసి మరీ కదిలాడు. అందరూ అవతలి గట్టు దిగి, వాగుకి వీపు పెట్టి, వరసగా కూర్చున్నారు.

కాసేపటికి గట్టు వెనకనుంచి ఒక గొంతు మర్యాదగా వినిపించింది. "పిన్నీ, ఎంతసేపు ఉంటారట?"

"బుర్ర నిండేదాకా."

"ఎంత పెద్ద బుర్ర?"

"నేను కొలవలేదు నాయనా."

"నా కళ్ళల్లో సబ్బు పడింది పిన్నీ."

"కళ్ళు మూసుకో. ఎలాగూ ఇటు చూడకూడదు కదా."

అసలు సుఖం అదే. అత్తగారు వెళ్ళిందో లేదో చూడాలంటే తల తిప్పాలి. తల తిప్పితే, ఒకవేళ వెళ్ళకపోతే, తప్పయిపోతుంది. సిలాపన్ వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచడానికి గట్టెక్కి కూర్చుంది. నైసులా సంచీలోంచి ఖాకీ చొక్కా తీసి తొడుక్కుంది. కెమెరా మెడలో వేసుకుని, చెలమలకి యాభై అడుగుల దూరంలో, మైదానం వైపు పడి ఉన్న ఎండు మాను వెనక బోర్లా పడుకుంది.

మనుషుల చప్పుడు ఆగిన వాగుని కొండ వినడానికి కొంత సమయం పట్టింది. సూర్యుడు రెండు చేతుల ఎత్తులో ఉండగా బాట మొదట్లో ఒక చెవిన్నర కనిపించింది. చెవితెగింది. ఆగింది. గాలి పీల్చింది. రోజంతా కొండ మీద నీళ్ళు లేవు. ఒక అడుగు వేసింది. దాని వెనక కుంటిది, పొడుగుమెడ. ఒక్కొక్కటిగా బాట దిగుతుంటే, ఏటవాలు ఎండ కుడి పక్కల మీద పడి, పదకొండు నెలలుగా చూడని చారలు కనిపించాయి. తెలిసిన మనుషుల ఇంట్లో కొత్తగా ఒక గది చూసినట్టు అనిపించింది నైసులాకి. కుంటిదాని తుంటి మీద చేపముల్లు లాంటి గీత ఉంది. ఆ సంగతి ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు.

కెమెరా నొక్కుతూనే ఉంది. పది. పదిహేను. ఇరవై అయిదు. పిల్లల తల్లులు అయిదుగురూ ఇంకా బాట మీద కనిపించలేదు. నీళ్ళ దగ్గర అంతా సద్దుమణిగాక వస్తాయి.

అప్పుడు మోటారు సైకిలు చప్పుడు వినిపించింది.

లెతివా బండిని తుమ్మల దగ్గర ఆపి, చెలమల దగ్గర తన ఈడువాళ్ళు ఉంటారు కదా, వాళ్ళతో కాసేపు కూర్చుని, తర్వాత ధైర్యం తెచ్చుకుని కెమెరా అడుగుదామని, తల వంచుకుని ఇసుకలో నడిచి వస్తున్నాడు. సగం దూరం వచ్చాక తలెత్తాడు. కుడివైపు చెలమల చుట్టూ జీబ్రాలు. ఎడమవైపు ఎండు మాను వెనక ఖాకీ చొక్కా, దాని పైన పూసల పట్టెడలు. చుట్టుపక్కల ఒక్క పొద లేదు. అతను చేయగలిగింది ఒకటే. ఉన్నచోటే బోర్లా పడిపోయి, ఒంటికి చుట్టుకున్న ఎర్ర దుప్పటిని, షుకాని, తలమీదికి లాక్కున్నాడు.

జీబ్రాలు తలలెత్తాయి. నడిచే మనిషి వాటికి తెలుసు. మనిషి ఉన్నట్టుండి ఎర్రటి గుట్ట అయిపోవడం తెలియదు. చాలాసేపు చూశాయి. గుట్ట కదల్లేదు. చెవితెగింది ముందుగా తొట్టిలో మిగిలిన నీళ్ళలో మూతి పెట్టింది.

చీఫ్ మాత్రం దాన్ని అలా వదిలేసే రకం కాదు. దాని ఇలాకాలో, దాని బాటకి అడ్డంగా, చెప్పకుండా ఏదో వచ్చి పడింది. నేరుగా గుట్ట దగ్గరికి నడిచి వెళ్ళింది. మెడ సాచి వాసన చూసింది. పై పెదవి మడిచి, పళ్ళు బయటపెట్టి ఆలోచించింది. గుట్టకి ఒక చివర కాలివేళ్ళు వణకడం నైసులా చూసింది. చీఫ్ కూడా చూసింది. నెమ్మదిగా వెనక్కి తిరిగి, వెనక కాళ్ళు రెండూ లెతివా తలకి తిన్నగా తెచ్చి నిలబడింది. ఒక్క తాపుతో సింహం దవడ విరిచేసే కాళ్ళు అవి.

"కదలకు నాయనా," అంది నైసులా. "కాళ్ళు బిగపట్టుకో."

నోట్లోంచి వచ్చేశాక తెలిసింది. పెళ్ళయిన తర్వాత ఆమె అల్లుడితో అన్న మొదటి మాటలు అవే. కాలివేళ్ళు ఆగిపోయాయి.

చీఫ్ తోక ఎత్తింది. హద్దుల్లో ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది, లెతివా తలకి జానెడు దూరంలో, కుప్పగా, తీరిగ్గా. అలా చేస్తున్నంతసేపూ దాని కుడి పక్క మొత్తం, మెడ నుంచి తోక దాకా, ఎండలో మెరుస్తూ కెమెరా ఎదురుగా నిలిచి ఉంది. నైసులా నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"నేనేం మాట్లాడలేదు," అంది తర్వాత, గాలితో అన్నట్టు.

"నేనేం వినలేదు," అంది షుకా.

సిలాపన్ గట్టు మీద దూరంగా ఉంది. పిలిస్తే జీబ్రాలు బెదురుతాయి. మధ్యలో ఎవరో ఒకరు లేకుండా మాట్లాడుకోకూడదు. చీఫ్ మాత్రం పని ముగించుకుని ఇద్దరికీ సరిగ్గా మధ్యన నిలబడి ఉంది.

"చీఫూ," అంది నైసులా చిన్న గొంతుతో. "నా ఫొటోలు పనికిరావని ఆ అబ్బాయికి ఎప్పుడు తెలిసిందో అడుగు."

షుకా మరికాస్త ముడుచుకుంది. "రెండో నెలలోనే తెలిసిందని చెప్పు చీఫూ."

చీఫ్ చెవి ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగింది.

"తొమ్మిది నెలలు ఎందుకు చెప్పలేదట?"

"నేర్పిన రోజు నేను వేరేవాళ్ళ ద్వారా నేర్పాను. తప్పు నాది. కానీ దిద్దాలంటే ముందు అత్తగారిది తప్పని అనాలి కదా. నాకు నోరు రాలేదని చెప్పు."

"అంటే ముప్ఫై ఒక్క జీబ్రాలు భూమ్మీదే లేవని చెప్పడం తేలికయిందా, అడుగు."

"జీబ్రాలకి అత్తగార్లు లేరు కదా చీఫూ."

నైసులా ఎర్ర బట్ట కొస నోట్లో కుక్కుకుంది. భుజాలు కదిలాయి. కెమెరా మాను మీద టకటకా కొట్టుకుంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. కోపం కోసం లోపల వెతుక్కుంది. ఉంది, కానీ ఇందాకటి చోట లేదు.

"రేపు ఆఫీసులో ఏం రాస్తాడట? జీబ్రాలు సిగ్గుపడి ఒక పక్కే చూపించాయని రాస్తాడేమో."

"నేర్పడంలో తప్పు, నేర్పినవాడు లెతివా, అని రాస్తానని చెప్పు."

"పెద్ద అక్షరాలతో రాయమను."

చీఫ్‌కి ఈ సంభాషణ చాలనిపించినట్టుంది. వెళ్ళి చెవితెగిందాని పక్కన నీళ్ళు తాగింది.

నైసులా లేచింది. గురువారం సాయంత్రం అనుకున్నారు, గురువారం సాయంత్రమే అయింది. మెడలోంచి కెమెరా తీసింది. దాన్ని ఎండు మాను కొస మీద, అతనికి చెయ్యి అందేంత దూరంలో పెట్టింది. బూట్ల తాళ్ళు కూడా విప్పబోయి, ఆగి, ముందు ఇది చాలులే అనుకుంది. అటు తిరిగి పది అడుగులు నడిచి, వీపు పెట్టి నిలబడింది.

వెనకాల ఇసుక జరిగిన చప్పుడు. ఎవరో పాకుతున్నారు. కెమెరా కింద చిన్న మూత తెరుచుకున్న చప్పుడు. మళ్ళీ మూసుకున్న చప్పుడు. మళ్ళీ ఇసుక, ఈసారి దూరంగా జరుగుతూ.

వంద వరకు లెక్కపెట్టి ఆమె వెనక్కి తిరిగింది. కెమెరా పెట్టినచోటే ఉంది. మూత తెరిచి చూస్తే లోపల కార్డు లేదు, ఫొటోలు వెళ్ళిపోయాయి. దాని పక్కన, ఇంకా కాగితం విప్పని కొత్త కార్డు ఒకటి ఉంది. దూరంగా షుకా కప్పుకున్న మనిషి వాగుకి వీపు పెట్టి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఈసారి అది ఏమీ దాచడం లేదు.

వెలుతురు తగ్గడంతో కెమెరా మెడలో వేసుకుని నైసులా ఊరి దారి పట్టింది. గట్టు ఎక్కేసరికి బాట మీద తల్లులు అయిదూ పిల్లలతో దిగుతున్నాయి, అడుగడుక్కీ ఆగుతూ, చెలమల వైపు మెడలు సాచుతూ. వాగు దాకా రావడానికి వాటికి ఇంకా చాలాసేపు పడుతుంది.

అవతలి గట్టు కింద నుంచి ఓపిక పూర్తిగా అయిపోయిన గొంతు వినిపించింది. "ఒరేయ్ లెతివా, ఆ బండి చప్పుడు నీదే కదా. మీ అత్తగారు వెళ్ళిపోయారా?"

బాట దిగుతున్న గిట్టల చప్పుడు లెతివాకి వినిపిస్తోంది.

"లేదు," అన్నాడు లెతివా. "ఇంకా ఇక్కడే ఉన్నారు. ఎవరూ తల తిప్పకండి."

నైసులా కూడా తల తిప్పలేదు. నడక మాత్రం కాస్త నెమ్మదించింది.